క.సా.గు. కట్టడానికి ఏ పద్ధతి మేలు?

ఆరో తరగతి చదువుతున్న మా అన్నయ్య కూతురు 4, 6, 12ల క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం, అంటే వాటన్నిటితో నిశ్శేషంగా భాగించగల అతి చిన్న సంఖ్య) 24 అని రాసి తెచ్చింది. 4, 6 రెండూ 12ను నిశ్శేషంగా భాగిస్తాయి కాబట్టి జవాబు 12 అని చూడగానే తెలుస్తుంది. నోటుబుక్కులో పద్ధతి మాత్రం భాగహారమే. మూడింటినీ వరుసగా రాసి 4తో భాగించింది, 6ను అలాగే దించుకుంది. 1, 6, 3 మిగిలాయి. ఆపైన 3తో భాగిస్తే 1, 2, 1. మొత్తం 4 × 3 × 2. గుణకారంలో పొరపాటు లేదు. 4తో మొదలుపెట్టడమే పొరపాటు. 6లో ఉన్న 2 దానికి చిక్కకుండా కిందికి దిగి, రెండోసారి లెక్కలో చేరింది. ప్రధాన సంఖ్యలతోనే భాగించాలని పంతుళ్లు పట్టుబట్టేది ఇందుకే. 2, 2, 3తో చేస్తే 12 వస్తుంది.

ఈ బెడద ప్రధాన కారణాంకాల పద్ధతిలో లేదు. 12, 18, 30ల క.సా.గు. చూద్దాం: 12 = 2² × 3, 18 = 2 × 3², 30 = 2 × 3 × 5. ఒక్కో ప్రధాన సంఖ్యకు పెద్ద ఘాతాన్ని తీసుకుంటే 2² × 3² × 5 = 180. చోటు ఎక్కువ పడుతుంది, నిజమే. కానీ జవాబు ఎందుకు 180 అయిందో కళ్లకు కడుతుంది. పిల్లలకు ముందు నేర్పాల్సింది ఇదేనని నా పట్టుదల. భాగహారం పరీక్షలో చేతివేగానికి పనికొస్తుంది.

గుణిజాలు రాసుకుంటూ పోవడాన్ని చిన్నచూపు చూడకండి. అన్నిటివీ రాయనక్కర్లేదు, పెద్దదానివి చాలు. 30, 60, 90... ఆరో మెట్టులో 180 దొరుకుతుంది.

1147, 1591 ఇస్తే మాత్రం పై మూడూ చతికిలబడతాయి. కారణాంకాల కోసం 31 దాకా వెతుక్కోవాలి. ఇక్కడ గ్రీకు గణితజ్ఞుడు యూక్లిడ్ పేరిట రెండు వేల ఏళ్లకు పైబడిన పద్ధతికి సాటి లేదు. పెద్దదాన్ని చిన్నదానితో భాగించి శేషం తీసుకోవడం, ఆ శేషంతో మళ్లీ భాగించడం, అంతే. శేషాలు 444, 259, 185, 74, 37, చివరికి 0. గ.సా.భా. (గరిష్ఠ సామాన్య భాజకం, అంటే రెండింటినీ నిశ్శేషంగా భాగించే అతి పెద్ద సంఖ్య) 37. రెండు సంఖ్యలను గుణించి గ.సా.భా.తో భాగిస్తే క.సా.గు. వస్తుంది. 1147ను ముందే 37తో భాగిస్తే 31; 31 × 1591 = 49321.

అయితే గుణకార ఫలితాన్ని గ.సా.భా.తో భాగించే ఈ సూత్రం రెండు సంఖ్యలకే. 12, 18, 30లకు వాడితే 6480 ÷ 6 = 1080 వస్తుంది, ఉండాల్సింది 180. ముందు 12, 18లకు 36 కట్టి, తరువాత 36నూ 30నూ కలిపి చూడాలి.