ఫోర్ట్ వైల్డర్‌నెస్‌లో టెంటు బస: బరంపురం నుంచి వెళ్లే పెద్దల కోసం ఒక సమీక్ష

బరంపురంలోని తెలుగు కుటుంబాల్లో పిల్లలు అమెరికాలో స్థిరపడినవారు ఇప్పుడు చాలామందే ఉన్నారు. అక్కడికి వెళ్లిన పెద్దలను పిల్లలు ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌కు తీసుకువెళ్లడం దాదాపు ఆనవాయితీ అయిపోయింది. తిరిగి వచ్చినవారిని అడిగితే, మనవలు సంబరపడ్డారనీ, తాము మాత్రం పగలంతా వరుసల్లో నిలబడి, రాత్రి హోటల్ గదిలో కాళ్లకు మందు రాసుకుని పడుకున్నామనీ చెబుతారు. మా అమ్మాయి కుటుంబంతో కలిసి అదే ఆవరణలో ఉన్న ఫోర్ట్ వైల్డర్‌నెస్ క్యాంప్‌గ్రౌండ్‌లో చాలా ఏళ్లుగా చలికాలపు సెలవులు గడుపుతున్న నేను చెప్పగలిగింది ఒక్కటే: మూడు తరాలు కలిసి వెళ్లే కుటుంబానికి అక్కడ ఇంతకంటె మంచి బస లేదు, పైగా పార్కు టికెట్టు కొనని రోజునే దీని విలువ పూర్తిగా తెలుస్తుంది.

డిస్నీ వరల్డ్‌లోని మొదటి వినోద పార్కు మ్యాజిక్ కింగ్‌డమ్ 1971 అక్టోబరు 1న తెరుచుకుంటే, ఈ క్యాంప్‌గ్రౌండ్ అదే సంవత్సరం నవంబరు 19న మొదలయింది. సుమారు 750 ఎకరాల అడవిలో, బే లేక్ అనే సరస్సు ఒడ్డున, దాదాపు 800 బస స్థలాలు వలయాకారపు దారుల వెంట అమర్చి ఉంటాయి. పొడుగాటి పైన్ చెట్లూ, కొమ్మల నుంచి బూడిదరంగు నాచులాంటి మొక్కలు జడలుగా వేలాడే సైప్రస్ చెట్లూ ఒక స్థలానికీ మరొక స్థలానికీ మధ్య తెర కట్టినట్టు నిలబడతాయి. ప్రతి స్థలంలో నీటి కుళాయి, కరెంటు, కూర్చుని భోంచేయడానికి బల్ల, బొగ్గులతో కాల్చుకునే పొయ్యి ఉంటాయి. ఒక స్థలంలో పదిమంది వరకు ఉండవచ్చు కాబట్టి వియ్యాలవారితో కలిసి వెళ్లినా రెండు గదులు తీసుకుని విడివిడిగా పడుకోవలసిన అవసరం రాదు. ఇల్లంత బండి అయిన ఆర్‌వీని తెచ్చుకునేవారే ఎక్కువగా కనిపిస్తారు గాని, మేము టెంటునే ఇష్టపడతాము.

మన పెద్దలు మొదట అడిగే ప్రశ్న స్నానాల గదుల గురించే. ప్రతి కొన్ని దారులకు ఒకటి చొప్పున కంఫర్ట్ స్టేషన్ అనే కట్టడం ఉంటుంది; అందులో మరుగుదొడ్లు, వేడినీళ్ల షవర్లు, డబ్బు చెల్లించి నడుపుకునే బట్టలుతికే యంత్రాలు ఉంటాయి, రాత్రీ పగలూ తెరిచే ఉంచుతారు. స్థలం ఎంచుకునేటప్పుడు దానికి దగ్గరగా ఉండేలా అడగమని పిల్లలకు ముందే చెప్పండి, ఎందుకంటే అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని నడిచే దూరం యాభైలలో ఒకలా, డెబ్భైలలో ఒకలా ఉంటుంది.

నాకు అన్నిటికంటె ప్రియమైనది అక్కడి వంట. అమెరికాలో కరెంటు 120 వోల్టులే కాబట్టి ఇక్కడి మిక్సీని మోసుకువెళ్లి ప్రయోజనం లేదు; అక్కడే కొన్న రైస్ కుక్కర్, ఒక విద్యుత్ పొయ్యి ఉంటే చాలు. తెల్లవారుజామున లేచి డికాక్షను వేసుకుని బల్ల దగ్గర కూర్చుంటే లేళ్లు దారి దాటుతూ కనిపిస్తాయి, అడవి టర్కీ కోళ్లు గుంపుగా వచ్చి పోతాయి. మావారు పొయ్యి మీద వంకాయలు కాలుస్తారు, నేను ఆవ పెట్టిన పులిహోర కలుపుతాను. ఆ పులిహోరను డబ్బాల్లో సర్దుకుని పార్కులోకి నిశ్చింతగా తీసుకువెళ్లవచ్చు: గాజు పాత్రలు, మద్యం తప్ప బయటి తినుబండారాలను అక్కడ అనుమతిస్తారు. ఈ సంగతి తెలియక శాకాహారులైన పెద్దలు పార్కు లోపల బంగాళాదుంప వేపుళ్లతో కడుపు నింపుకుంటూ ఉంటారు, అది చూస్తే నాకు బాధ కలుగుతుంది.

మ్యాజిక్ కింగ్‌డమ్‌కు వెళ్లే రోజున సెటిల్‌మెంట్ అనే రేవు దగ్గర పడవ ఎక్కితే సరస్సు మీదుగా నేరుగా పార్కు ముందే దిగుతాము. ఈ పడవ పెద్దలకు గొప్ప వరం. మధ్యాహ్నం అలసట అనిపించగానే మేమిద్దరం అదే పడవలో వెనక్కి వచ్చి చెట్ల కింద నడుం వాలుస్తాము, పిల్లలు రాత్రిదాకా ఉండి వస్తారు. ఎవరి కోసం ఎవరూ మనసు చంపుకోవలసిన పని లేదు. రంభ దగ్గర చిలికలో పడవ ఎక్కిన అలవాటు ఉన్న మనకు ఆ ప్రయాణం కొత్త కాదు, కాని ఒక తేడా గట్టిగా గుర్తుంచుకోవాలి: ఫ్లోరిడా నీళ్లలో మొసళ్ల జాతికి చెందిన ఆలిగేటర్లు ఉంటాయి, బే లేక్‌లో ఈతకు అనుమతి లేదు. ఒడ్డున ఇసుక ఉంది కదా అని మనవలను నీళ్ల అంచుకు పోనివ్వకండి. ఈత కోసం వేరే కొలనులు ఉన్నాయి.

పార్కుకు వెళ్లని రోజు ఎలా గడుస్తుందో ఇక్కడివారికి ఊహకు అందదు గనుక కొంచెం వివరంగా చెబుతాను. ఉదయం పిల్లలు సైకిళ్లు తొక్కుకుంటారు. ఆ దారుల్లో బండ్లు మెల్లగా కదులుతాయి కాబట్టి కళ్లల్లో వత్తులు వేసుకుని చూడవలసిన పని ఉండదు. తరువాత గుర్రపుశాలకు నడిచి వెళతాము. మ్యాజిక్ కింగ్‌డమ్ నడివీధిలో ట్రాలీని లాగే బలమైన గుర్రాలు అక్కడే ఉంటాయి, వాటిని ఊరికే చూడవచ్చు. స్వారీకి మాత్రం రుసుము ఉంది. సాయంత్రం ఆవరణలోని మెడో అనే చోట ఉన్న దుకాణం దగ్గర చలిమంట వేసి, చిప్, డేల్ అనే ఉడుత వేషాలు వచ్చి పిల్లలతో పాటలు పాడిస్తాయి, ఆపైన ఆరుబయటే సినిమా వేస్తారు. దీనికి రుసుము లేదు. మంటలో కాల్చుకుని తినే మార్ష్‌మాలో మిఠాయిలో సాధారణంగా జెలటిన్ కలుస్తుంది, అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. శాకాహారులు జెలటిన్ లేని రకాన్ని ముందుగానే కొని వెంట తీసుకువెళ్లాలి. మా మనవలకు మేము అలాగే ఇస్తాము. చీకటి పడ్డాక సరస్సు ఒడ్డున కూర్చుంటే అవతలి గట్టున పార్కులో కాల్చే బాణసంచా కనిపిస్తుంది, దీపాలతో చేసిన బొమ్మలు తెప్పల మీద ఊరేగుతూ వస్తాయి. ఆ తెప్పల ఊరేగింపు కూడా 1971 నుంచీ ఉన్నదే.

హాలోవీన్, క్రిస్మస్ రోజుల్లో బస చేసేవారే తమ స్థలాలను దీపాలతో, బొమ్మలతో నింపేస్తారు. ఠాకురాణీ యాత్ర రాత్రుల్లో మన వీధుల్లో నడిచినంత సందడిగా ఉంటుంది. ఆ రోజుల్లో ధరలు కూడా బాగా పెరుగుతాయి, స్థలాలు చాలా నెలల ముందే నిండిపోతాయి.

ఆవరణ పెద్దది కాబట్టి లోపల తిరగడానికి సమయం పడుతుందన్న సంగతి ముందే తెలిసి ఉండాలి. లోపలి బస్సులు ఉన్నాయి. మోకాళ్ల నొప్పులున్నవారు ఉంటే గోల్ఫ్ కార్టు అనే చిన్న బండిని అద్దెకు తీసుకోవడం మంచిది, దాన్ని విడిగా ముందే మాట్లాడుకోవాలి. ఖర్చు అనిపించినా నా దృష్టిలో అది వృథా కాదు, మావారికి అది ఉన్న బసకూ లేని బసకూ చాలా తేడా కనిపించింది.

వాతావరణం విషయంలో బరంపురంవారికి ఎక్కువ చెప్పనక్కర లేదు. అక్కడి హరికేన్ కాలం జూన్ నుంచి నవంబరు చివరి వరకు. 2013లో ఫైలిన్ తుపానును చూసిన మనము ఆ హెచ్చరికలను తేలికగా తీసుకోము. వేసవిలో మధ్యాహ్నపు ఉరుముల వానలు దాదాపు రోజూ పడతాయి, టెంటుకు అది అనువైన కాలం కాదు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఒక్కోసారి ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికి దిగుతుంది కనుక దళసరి రగ్గులు, నేల మీద వేసుకునే గాలి పరుపులు తప్పనిసరి. నేల మీద పడుకుని లేవలేనివారికి కేబిన్లు అనే చిన్న ఇళ్లు ఉన్నాయి. 2024లో వాటిని కొత్తగా కట్టారు, వంటగది లోపలే ఉంటుంది, ఆరుగురు పడుకోవచ్చు. అయితే వాటి ధర టెంటు స్థలం ధరకు ఎన్నో రెట్లు. మేము పెద్దలం కేబిన్‌లో, పిల్లలు టెంటులో ఉన్న సంవత్సరమూ ఉంది, కాని రెండు చోట్లా సగం సగం ఉన్నట్టయి నాకు తృప్తి కలగలేదు.

టెంటు బస మీ ఒంటికి పడుతుందో లేదో తెలుసుకోవాలంటే మన జిల్లాలోనే చూసుకోవచ్చు. పాటి సోనాపూర్ తీరంలో ఒడిశా పర్యాటక శాఖ ఇటీవలి చలికాలాల్లో ఎకో రిట్రీట్ టెంట్లు వేసింది. అవి మంచాలు, పరుపులు ఉన్న విలాసపు టెంట్లు, భోజనం వారే పెడతారు. కనుక వంట, సామాను సర్దుడు అక్కడ అలవడవు. ఆ అలవాటు కావాలంటే చిన్న టెంటు ఒకటి కొని డాబా మీద ఒక రాత్రి పడుకుని చూడండి. అమెరికా బయలుదేరేలోపే పిల్లలతో రెండు మాటలు మాట్లాడి పెట్టుకోండి: స్థలం కంఫర్ట్ స్టేషన్‌కు దగ్గరగా ఉండాలి, బసలో కనీసం రెండు రోజులు పార్కు టికెట్టు లేకుండా ఉండాలి.