మోంజా గ్రాండ్ ప్రీకి వెళ్తున్నారా? గది మీద తగ్గించండి, సీటు మీద పెట్టండి

టీవీలో ఏళ్ళ తరబడి ఫార్ములా వన్ చూస్తూ, ఒక్క రేసైనా నేరుగా చూడాలని కోరుకునేవాళ్ళకు నేను మోంజా పేరే చెబుతాను. 2025 సెప్టెంబరులో ఇటాలియన్ గ్రాండ్ ప్రీ చూసి వచ్చాక ఈ మాట మరింత గట్టిగా చెప్పగలను. అయితే అక్కడ వారాంతం ఎలా గడుస్తుందనేది రెండు విషయాల మీద ఆధారపడి ఉంటుంది. రాత్రి ఎక్కడ బస చేస్తారు, పగలు ట్రాక్ చుట్టూ ఎక్కడ కూర్చుంటారు. చేతిలో ఉన్న డబ్బులో పెద్ద వాటా రెండోదానికే వెళ్ళాలి.

ముందు బస సంగతి. మోంజా అంటే మిలాన్‌కు ఉత్తరాన రైల్లో కాసేపట్లో చేరే ఊరు. అందుకే అందరూ మిలాన్ నడిబొడ్డున, ముఖ్యంగా చెంత్రాలే స్టేషన్ చుట్టుపక్కల హోటళ్ళ కోసం ఎగబడతారు. రేసు వారంలో ఆ గదుల ధరలు చూస్తే గుండె గుభేలుమంటుంది. నేను చాలా ముందుగానే ఒక అపార్ట్‌మెంట్ బుక్ చేసుకున్నాను. రేసు దగ్గర పడేసరికి యజమాని మరమ్మతులని చెప్పి రద్దు చేశాడు. అదే ఇల్లు మర్నాడు అవే తేదీలకు రెట్టింపు ధరతో కనిపించింది. ఇలాంటిది చాలామందికి జరుగుతోందని తరువాత రైల్లో కలిసినవాళ్ళు కూడా చెప్పారు. అందుకే ఇక్కడ మాత్రం రిసెప్షన్ ఉన్న మామూలు హోటలే నయం.

చివరికి సెస్తో శాన్ జొవాన్నిలో గది దొరికింది. ఒకప్పుడు ఉక్కు కర్మాగారాలతో నడిచిన ఊరు. పర్యాటకులు చూడటానికి పెద్దగా ఏమీ లేదు, వీధులు సాదాసీదాగా ఉంటాయి. కానీ రేసు చూడటానికి వచ్చినవాళ్ళకు ఇంతకంటే అనువైన చోటు లేదు. మిలాన్ నుంచి మోంజా వెళ్ళే లోకల్ రైళ్ళు ఇక్కడ ఆగుతాయి. మెట్రో ఎర్ర లైను కూడా ఇక్కడికే వస్తుంది కాబట్టి సాయంత్రం మిలాన్ దువోమో అనే పెద్ద చర్చి చూడాలనిపిస్తే ఒకే రైల్లో వెళ్ళిరావచ్చు. నాకు దొరికిన గది చిన్నది. ఏసీ బాగా పనిచేసింది, మంచం శుభ్రంగా ఉంది. రోజంతా ఎండలో తిరిగి వచ్చే మనిషికి ఆ రెండూ ఉంటే చాలు.

ఇటలీ వెళ్ళడానికి మనకు షెంగెన్ వీసా కావాలి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. పెద్దవాళ్ళకు ఫీజు 90 యూరోలు, కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. వేసవిలో అపాయింట్‌మెంట్లు దొరకడమే పెద్ద టెన్షన్. రేసు టికెట్ కొన్న వెంటనే ఈ పని మొదలుపెట్టాలి.

సర్క్యూట్‌కు చేరడానికి రెండు దారులున్నాయి. మోంజా స్టేషన్‌లో దిగి షటిల్ బస్సు ఎక్కడం ఒకటి. రేసుకు వెళ్ళేవాళ్ళ కోసం బియాస్సోనో లెస్మో పార్కో స్టేషన్‌కు నడిపే రైళ్ళలో వెళ్ళడం మరొకటి. ఆ స్టేషన్ ట్రాక్‌లోని లెస్మో మలుపుల వైపు ఉంటుంది. మీ సీటు ఎటువైపు ఉందో చూసుకుని దారి ఎంచుకోండి, లేకపోతే ట్రాక్ చుట్టూ సగం తిరగాల్సి వస్తుంది. ట్రాక్ పొడవు 5.793 కిలోమీటర్లు. గేట్లు, స్టాండ్లు, అడవి దారులు కలుపుకుంటే నడక ఇంకా ఎక్కువే. శుక్రవారం నేను షటిల్ వదిలేసి పార్కులోంచి నడిచి వెళ్ళాను. గోడ కట్టిన ఆ పార్కు దాదాపు 700 హెక్టార్లు. ఇరువైపులా ఎత్తైన చెట్లు, నీడలో ఫెరారీ ఎర్ర జెండాలు భుజాన వేసుకుని నడిచే కుటుంబాలు, దూరం నుంచి చెట్ల మధ్యగా వినిపించే ఇంజిన్ల మోత. సమయం ఉన్నవాళ్ళు ఒక్క పూటైనా ఇలా నడిచి వెళ్ళాలి.

శుక్రవారాన్ని చాలామంది వదిలేస్తారు. నా మట్టుకు అదే అన్నిటికంటే విలువైన రోజు. సీటు నంబరు లేని 'ప్రాతో' టికెట్ తీసుకుంటే, అంటే పచ్చికలో ఎక్కడైనా నిలబడి చూసే టికెట్, ట్రాక్ చుట్టూ తిరిగి ఒక్కో మలుపు రుచి చూడొచ్చు. ఆస్కారి మలుపుల దగ్గర ఫెన్సింగ్‌కు దగ్గరగా నిలబడ్డాను. టీవీలో నిదానంగా కనిపించే ఎడమ, కుడి, ఎడమ మలుపులు అక్కడ ఒక్క ఊపులో అయిపోతాయి. కారు ఎడమకు వాలి, మనం కన్నార్పేలోగా కుడికి విసిరినట్టు మారిపోతుంది. మోంజా కోసం వెనక రెక్కలను ఎంత పలచగా బిగిస్తారో దగ్గర నుంచి చూస్తేనే తెలుస్తుంది. ఆ ఏడాది మొదటి ప్రాక్టీసులో ఫెరారీ డ్రైవర్లు హామిల్టన్‌ది మొదటి స్థానం, లెక్లెర్‌ది రెండో స్థానం. ఫెరారీ డ్రైవర్‌గా నికీ లౌడా 1975లో ఛాంపియన్ అయి 50 ఏళ్ళయిన సందర్భంగా ఫెరారీ కార్లకు ప్రత్యేకంగా రంగులు వేశారు. లౌడా కాలం నాటి ఎర్ర టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన నా పక్కన నిలబడి, కారు వచ్చిన ప్రతిసారీ చిన్న నోటుపుస్తకంలో పెన్సిల్‌తో సమయం రాసుకున్నారు. ఫెరారీ వస్తే మాత్రం రాయడం ఆపేసి చూశారు.

అదే రోజు పాత బ్యాంకింగ్, అంటే గోడలా వాలుగా కట్టిన పాత ట్రాక్ మలుపుల దగ్గరికి తప్పకుండా వెళ్ళండి. ఈ సర్క్యూట్‌ను 1922లో కట్టారు. ఇప్పుడు చెట్ల మధ్య కనిపించే కాంక్రీటు వాలు మలుపులు 1955 నాటివి. ఫార్ములా వన్ 1961 తరువాత వాటి మీద నడవలేదు. కింది నుంచి చూస్తే వాలు గోడలా కనిపిస్తుంది. ఎక్కబోతే పై భాగంలో కాళ్ళు నిలవవు. ఆ పగుళ్ళ మీద చెయ్యి పెట్టి, ఇంత గరుకు కాంక్రీటు మీద సన్నటి టైర్లతో అంత వేగంగా ఎలా నడిపారా అని చాలాసేపు నిలబడిపోయాను.

శని, ఆదివారాలకు మాత్రం సీటు ఉండాలి. రేసు రోజున పచ్చికలో మంచి చోటు కావాలంటే తెల్లవారకముందే గేటు దగ్గర ఉండాలి, ఆపైన కదలకూడదు. ప్రధాన స్టాండ్ నుంచి టైర్లు మార్చే పిట్‌లు, కార్లు బయలుదేరే గ్రిడ్, బహుమతులిచ్చే పోడియం కనిపిస్తాయి గానీ కార్లు మాత్రం గీతల్లా దూసుకుపోతాయి. పారాబోలికా దగ్గర, అంటే ఇప్పటి అల్బొరెతో మలుపు దగ్గర, కారు ఎలా బ్యాలెన్స్ చేస్తున్నారో బాగా తెలుస్తుంది. నేను మొదటి చికేన్ దగ్గర, అంటే వేగం తగ్గించడానికి పెట్టిన ఇరుకు మలుపుల దగ్గర, తీసుకున్నాను. దాదాపు 350 కిలోమీటర్ల వేగంతో వచ్చిన కారు అక్కడ మనిషి పరుగెత్తే వేగమా అన్నట్టు తగ్గిపోతుంది. నల్లటి బ్రేకు ధూళి గాలిలోకి లేవడం కళ్ళారా కనిపిస్తుంది. శనివారం రెడ్ బుల్ డ్రైవర్ వెర్‌స్టాపెన్ 1:18.792లో పోల్, అంటే రేసును అందరికంటే ముందు నుంచి మొదలుపెట్టే స్థానం, కొట్టాడు. సగటు వేగం గంటకు 264.681 కిలోమీటర్లు, ఫార్ములా వన్ చరిత్రలోనే అత్యంత వేగవంతమైన ల్యాప్. ఫెరారీకి దక్కలేదని తెలిసి కూడా స్టాండ్ అంతా ఒక్కసారి హోరెత్తింది.

ఆదివారం ఆ సీటుకు పెట్టిన ప్రతి యూరో వసూలైంది. మొదటి ల్యాప్‌లోనే మెక్‌లారెన్ డ్రైవర్ నోరిస్, వెర్‌స్టాపెన్ పక్కపక్కన మా ముందుకు వచ్చారు. వెర్‌స్టాపెన్ చికేన్ దాటి బయటికి వెళ్ళి ముందుండటం, తరువాత స్థానం వెనక్కి ఇవ్వడం, కొన్ని ల్యాపులకే మళ్ళీ లాక్కోవడం అన్నీ కళ్ళెదుటే జరిగాయి. లెక్లెర్ ఆరంభంలో పియాస్ట్రీతో తలపడినంతసేపూ ఎవరూ కూర్చోలేదు. చివర్లో నోరిస్ పిట్ స్టాప్ ఆలస్యం కావడం, అతని జట్టువాడే అయిన పియాస్ట్రీ అతనికి స్థానం తిరిగి ఇవ్వడం మాత్రం తెర మీద చూడాల్సిందే. మీరు ఏ స్టాండ్ తీసుకున్నా ఎదురుగా పెద్ద తెర ఉందో లేదో చూసుకోండి. అది లేకపోతే 53 ల్యాపుల కథ అర్థం కాదు. రేసు 1 గంట 13 నిమిషాల 24 సెకన్లలో ముగిసిపోయింది. ఇంత తక్కువ సమయంలో పూర్తి దూరం రేసు ఇంతకుముందు జరగలేదు.

లెక్లెర్ నాలుగో స్థానం, పదో స్థానం నుంచి బయలుదేరిన హామిల్టన్ ఆరో స్థానం. పోడియం మీద ఎర్ర దుస్తులు లేవు. అయినా గేట్లు తెరవగానే వేలమంది ట్రాక్ మీదికి పరుగెత్తారు. పెద్ద ఫెరారీ జెండా కింద నుంచి చిన్నపిల్లలు దూరి వెళ్తున్నారు. ఇంత ప్రేమ ఉన్న జనం మధ్య రేసు చూడటం నాకు దక్కిన అదృష్టంగానే భావిస్తున్నాను.

సౌకర్యాల విషయానికొస్తే, 2024లో ట్రాక్‌కు కొత్త తారు వేశారు, కింది నుంచి వెళ్ళే దారులను వెడల్పు చేశారు. ఆ మార్పు నిజంగా ఉపయోగపడింది, జనం అంతున్నా తోపులాట కనిపించలేదు. గేటు దగ్గర నీళ్ళ సీసా మూత తీయించారు. తిండికి సలమెల్లా పానీనో, అంటే సాసేజ్ పెట్టిన బ్రెడ్డు, బాగుంది గానీ, మధ్యాహ్నం క్యూలు నత్తనడకన సాగాయి, కాబట్టి 12 గంటలకు ముందే తినేయాలి. మూత్రశాలలు శుక్రవారం శుభ్రంగా ఉన్నాయి, ఆదివారానికి లేవు. చాలా స్టాండ్లకు పైకప్పు ఉండదు, టోపీ లేకుండా వెళ్ళకండి. జనం ఎక్కువై ఫోన్ నెట్‌వర్క్ పడిపోతుంది, టికెట్ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవాలి. రేసు ముగియగానే రైలుకు పరుగెత్తితే ప్లాట్‌ఫాం మీద గంటల తరబడి నిలబడాలి. ట్రాక్ మీద తిరిగి, పార్కులో కూర్చుని, చీకటి పడ్డాక వెళ్తే హాయిగా సీటు దొరుకుతుంది.

రేసు తరువాత నేను లెక్కోకు మారాను. మిలాన్ నుంచి మోంజా మీదుగా వెళ్ళే రైళ్ళే అక్కడికీ వెళ్తాయి. కోమో సరస్సు ఒడ్డున కొండల కింద ఊరు. కోమో పట్టణం అంత రద్దీ లేదు, గది ధర కూడా నాకు మిలాన్ కంటే బాగా తక్కువ పడింది. కుటుంబంతో వెళ్ళేవాళ్ళు మొత్తం బస ఇక్కడే పెట్టుకున్నా బాగుంటుంది. పొద్దున్నే రైలెక్కాలి గానీ, ట్రాక్ మీద ఆసక్తి లేనివాళ్ళు పగలంతా సరస్సులో పడవ మీద తిరగొచ్చు, సాయంత్రం అందరూ ఒకచోట కలవొచ్చు.