కమాన్ కట్టలకు రబ్బరు బుష్షా, పాలీ బుష్షా?

పాత కారు వెనక కమాన్ కట్టలు (ఉక్కు పట్టీలు ఒకదానిమీద ఒకటి పేర్చిన లీఫ్ స్ప్రింగులు) ఇంట్లోనే మార్చుకుందామని దిగేవాళ్లు, కట్టలు ఏవి కొనాలో తేల్చుకున్నాక కూడా, బుష్షుల దగ్గర ఆగిపోతారు. కట్ట రెండు చివర్లా బోల్టు దూరే చుట్టల్లో, అంటే కళ్లలో, బోల్టుకూ కట్టకూ మధ్య కూర్చునే బుష్షు రబ్బరుది వేయాలా, గట్టి ప్లాస్టిక్ లాంటి పాలీయూరిథేన్‌ది (పాలీ) వేయాలా? రోడ్డు మీద మామూలుగా తిరిగే కారుకైతే రబ్బరే మేలు. అయితే ఎక్కించడం తేలికని పాలీ వైపు మాట్లాడేవాళ్ల మాటలోనూ నిజముంది. ఆ నిజం ఇంట్లో పనిచేసేవాళ్లకే ఎక్కువ వర్తిస్తుంది.

రబ్బరు బుష్షులో బయట ఒక ఇనుప గొట్టం, లోపల ఇంకో గొట్టం, రెండింటికీ అతుక్కుని మధ్యలో రబ్బరు ఉంటాయి. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం బ్రాకెట్టుకు కదలకుండా పట్టేసుకుంటుంది. కట్ట ఊగినప్పుడల్లా రబ్బరు మెలిపడి మళ్లీ మామూలవుతుంది తప్ప లోపల ఏదీ జారదు. దీన్ని కంట్లోకి దించాలంటే ప్రెస్ కావాలి. అది లేకపోతే గట్టి థ్రెడ్ రాడ్, బయటి గొట్టం అంచుకు సరిగ్గా ఆనే సాకెట్ ఒకటి, అవతల కంటికి ఆనించే వెడల్పు పైపు ముక్క ఉంటే నట్టు తిప్పుతూ లాగేయొచ్చు. పాలీ బుష్షు రెండు సగాలుగా వస్తుంది. గ్రీజు రాసి నొక్కితే పోతుంది, మొండికేస్తే బెంచి వైస్ చాలు. లోపలి గొట్టం దానిలో జారుతూ తిరుగుతుంది కాబట్టి బోల్టు ఏ స్థితిలో బిగించినా నష్టం లేదు.

రబ్బరుకు ఆ వెసులుబాటు లేదు. చాసీ కింద స్టాండ్లు పెట్టి, ఇరుసు కిందికి వేలాడుతుండగానే కంటి బోల్టులు పూర్తిగా బిగించేయడం తరచూ జరిగే పొరపాటు. కారు నేలకు దిగి కట్ట చదునయ్యేసరికి బయటి గొట్టం తిరుగుతుంది, లోపలిది తిరగదు. ఇక కారు ఊరికే నిలబడి ఉన్నా రబ్బరు మెలిపడే ఉంటుంది, గతుకు వస్తే ఇంకా మెలిపడుతుంది. కొన్నాళ్లకే అంచులు చీలిపోతాయి, వెనక భాగం ఉండాల్సినదానికన్నా కాస్త ఎత్తుగా కనబడుతుంది. అప్పుడు తిట్లన్నీ కొత్త రబ్బరుకే పడతాయి.

కాబట్టి కంటి బోల్టులూ, షాకిల్ (కట్ట వెనక కంటిని చాసీకి కలిపే ఊగే లింకు) నట్లూ మొదట చేతి బిగింపుతోనే వదలాలి. కట్టను ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులు బిగించి, చక్రాలు ఎక్కించి, కారును నేలకు దించి, చేత్తోనే ముందుకూ వెనక్కూ కొంచెం తోసి, డిక్కీ మీద బరువేసి నాలుగైదు సార్లు ఊపాలి. ఆ తర్వాత మళ్లీ లేపాలి గానీ ఈసారి స్టాండ్లు చాసీ కింద కాకుండా ఇరుసు గొట్టాల కింద, కట్టలకు వీలైనంత దగ్గరగా పెట్టాలి. బండి బరువు అలా కట్టల మీదే ఉంటుంది, కిందికి దూరి పనిచేసే చోటూ దొరుకుతుంది. మాన్యువల్లో చెప్పిన టార్కు (బిగింపు బలం) అప్పుడు పట్టాలి.

ఇంత శ్రమ పడి రబ్బరే ఎందుకు? కమాన్ కట్ట పని పైకీ కిందికీ ఊగడంతో అయిపోదు. ఒక చక్రం గుంటలో, ఇంకొకటి మిట్ట మీద ఉంటే ఇరుసు ఒరుగుతుంది, దానితో కట్ట కూడా పొడవునా మెలితిరుగుతుంది. కన్ను బ్రాకెట్టులో పక్కకు వంగాల్సి వస్తుంది. రబ్బరు ఆ వంపును తనలోకి తీసుకుంటుంది. పాలీ గట్టిది, అంతగా లొంగదు. లొంగకపోతే ఆ బలం కట్ట కంటిని చాసీకి పట్టే హ్యాంగర్ బ్రాకెట్టు మీదికీ, దాన్ని అతికించిన రేకు మీదికీ పోతుంది. దశాబ్దాల తుప్పు చూసిన కారులో అన్నిటికన్నా బలహీనమైన చోటు అదే. బుష్షు చీలితే గంటల్లో మార్చుకోవచ్చు. హ్యాంగర్ దగ్గర రేకు పగిలితే వెల్డింగు, కొలతలు, ఇరుసు వంకర అన్నీ మొదలవుతాయి. పాలీ వేసే తీరాలనుకుంటే వెనక షాకిల్ కళ్లకు వేసి, తోపూ బ్రేకు బలమూ మోసే ముందు కంటికి రబ్బరు ఉంచడం మధ్యేమార్గం.

పాత బుష్షు ఊడదీసేటప్పుడు దాన్ని కాల్చకండి. పొగ విషం, పైగా వేడికి స్ప్రింగు ఉక్కు గట్టిదనం పోతుంది. రబ్బరును డ్రిల్లుతో తొలిచి, బయటి గొట్టాన్ని హాక్సా బ్లేడుతో కోసి ముడవాలి. కోత కంటి లోపలి గోడకు తగలకూడదు, ఆ గీత దగ్గరే పగులు పుట్టొచ్చు. కొన్ని పాలీ కిట్లు పాత బయటి గొట్టాన్ని అలాగే ఉంచమంటాయి, కిట్టు కాగితం చదవకుండా దాన్ని తీసేస్తే కొత్త బుష్షు వదులుగా ఆడుతుంది.

గ్రీజు విషయంలో రెండూ ఉప్పూ నిప్పూ. రబ్బరుకు పెట్రోలియం గ్రీజు తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. ఎక్కించడానికి సబ్బునీళ్లు చాలు. పాలీకి సిలికాన్ గ్రీజు రాయాల్సిందే, ఆరిపోతే కీచుమంటుంది.

కంచు బుష్షులూ గ్రీజు నిపుల్ ఉన్న పిన్నులూ మొదటినుంచీ అలా వచ్చిన చాలా పాత కార్లకు సరే. నైలాన్ బుష్షులు రేసు కార్ల కోసం.

బుష్షు ఏదైనా ప్రాణం మీదికి తెచ్చేది లేపిన బండే. హ్యాండ్‌బ్రేకు ఎక్కువ కార్లలో వెనక చక్రాలకే పనిచేస్తుంది, అవి గాలిలో ఉంటే అది ఉన్నా లేనట్టే. అందుకే ముందు చక్రాలకు రెండు పక్కలా అడ్డుదిమ్మలు పెట్టాలి. కట్టలు విప్పేటప్పుడు స్టాండ్లు ముందు హ్యాంగర్‌కు కాస్త ముందుగా చాసీ కింద ఉండాలి, ఇరుసును వేరే జాకీ మోయాలి. బ్రేకు హోసు మీద ఇరుసు వేలాడకూడదు. ఒక వైపు పూర్తయ్యాకే రెండోది విప్పాలి. కంటి బోల్టు సుత్తి దెబ్బలు అడుగుతోందంటే కట్టలో ఇంకా బిగువు మిగిలింది, జాకీని కొద్ది మిల్లీమీటర్లు అటూ ఇటూ జరిపి చూడండి. రంధ్రాలు కలిశాయో లేదో వేలు పెట్టి చూడొద్దు, స్క్రూడ్రైవరు పెట్టండి.

యూ బోల్టులు కొత్తవే వేయాలి, ఒకసారి బిగుసుకున్నవాటి మరలు సాగి ఉంటాయి. పట్టీలను మధ్యలో కలిపి పట్టే సెంటర్ బోల్టు తల, ఇరుసు మీద కట్ట ఆనే ప్యాడు రంధ్రంలో కూర్చుందని కళ్లతో చూశాకే, నాలుగు నట్లనూ ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. తల పక్కకు కూర్చుంటే ఇరుసు వంకరపోయి కారు ఓరగా నడుస్తుంది. నూరు కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టుల టార్కు మళ్లీ చూడాలి, కొత్త పట్టీలు ఒకదానిమీద ఒకటి సర్దుకునేసరికి నట్లు కాస్త వదులవుతాయి.