30 వేల హెడ్‌ఫోన్‌కి విశాఖ గాలి పడలేదు

నాయిస్ క్యాన్సిలింగ్, అంటే బయటి మోతను అణచే హెడ్‌ఫోన్ల శబ్దం, బ్యాటరీ గురించి ఇప్పటికే అందరూ రాశారు కాబట్టి ఆ జోలికి వెళ్లను. కొన్నేళ్లు వాడాక నా బాధంతా రబ్బరులాంటి ఒక్క పైపూత మీదే.

30 వేల రూపాయల దగ్గర దొరికే హెడ్‌ఫోన్‌ని షాపులో చేతిలోకి తీసుకోగానే మనసు పడేది ఆ పూతకే. మెత్తగా, పొడిగా, వేలికి హాయిగా ఉంటుంది. పక్కనే ఉన్న నాలుగు వేల హెడ్‌ఫోన్ ముట్టుకుంటే గట్టి ప్లాస్టిక్. ధరలో తేడా ఎందుకో చెయ్యే చెప్పేస్తుంది. కొన్న కొత్తలో అడిగినవాళ్లందరికీ నేనూ ఈ మాటే చెప్పాను. ఇప్పుడు దానికి ఒక షరతు చేర్చాలి: మీ ఇల్లు సముద్రానికి దగ్గర కాకపోతే.

మాది విశాఖ. వారంటీ ఏడాది దాటాక వచ్చిన వానాకాలంలో, ఓ ఉదయం ఆఫీసు కాల్ కోసం తీస్తే పైపట్టీ చేతికి అంటుకుంది, బెల్లం పాకం తగిలినట్టు. తుడిస్తే గుడ్డ పీచు దానికే అతుక్కుపోయింది. వేలిముద్ర పడితే అలాగే ఉండిపోయింది. తర్వాత ఇయర్ ప్యాడ్ల వంతు. వాటి మీది తోలు నల్లటి పొరలుగా రాలడం మొదలైంది. చెవి వెనక, మెడ మీద, తెల్ల చొక్కా కాలర్ మీద అవే నల్ల రేకులు. కాల్ అవగానే అద్దం చూసుకోవడం అలవాటైపోయింది.

ఆ మెత్తటి పూతా, ‘లెదర్’ అని చెప్పే ఆ ప్యాడ్ల పొరా చాలావరకు పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్ రకాలే. వాటిలో కొన్ని రకాలు గాలిలో తేమకే మెల్లగా విడిపోతాయి. దాన్నే జలవిశ్లేషణ అంటారు. వేడి, చెమట తోడైతే ఇంకా త్వరగా. మా ఊళ్లో ఈ మూడింటికీ కొదవలేదు. వాడకుండా పెట్టెలో దాచినా ఆగదు.

సర్వీస్ సెంటర్‌లో, “ప్యాడ్లు కన్జ్యూమబుల్స్ అండి, వారంటీ ఉన్నా రావు” అన్నారు, అంటే వాడేకొద్దీ అరిగిపోయే భాగాలని. పూత సంగతి అడిగితే, “విడిగా వేయమండి, బాడీ మార్చాల్సిందే” అన్నారు. వాళ్లు చెప్పిన ఖర్చుకి ఓ మంచి వైర్డ్ హెడ్‌ఫోన్ వచ్చేస్తుంది. కేంద్రం 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. విడిభాగాల వివరాలు, మరమ్మతు సమాచారం ఒకచోట దొరకాలన్నది దాని ఉద్దేశం. మంచిదే. ఇంత ధర పెట్టి అమ్మే వస్తువు పెట్టె మీద, ఈ పూత తేమలో ఎన్నాళ్లుంటుందో కూడా రాయాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

చివరికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది ముంచి పూతంతా తుడిచేశాను. చాలాసేపు పట్టింది, వేళ్లు నల్లబడ్డాయి. కింద ఏముందంటే, శుభ్రమైన గట్టి ప్లాస్టిక్, అంచు వెంబడి సన్నటి అతుకు గీత. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా జిగురు లేదు. మొదటి నుంచీ అలాగే అమ్మి ఉంటే ఎంత బాగుండేది!

ప్యాడ్లకు ముందు ఆన్‌లైన్‌లో చవక జత తెప్పించాను. అక్కడ కంపెనీ వైపు ఒక మాట చెప్పాలి. కప్పు లోపలి మైకు బయటి మోతను విని దానికి ఎదురు తరంగం పంపిస్తుంది. ప్యాడ్ చెవి చుట్టూ గాలి చొరకుండా కూర్చుంటేనే ఆ లెక్క కుదురుతుంది. చవక ప్యాడ్లతో ఏసీ గుర్రుమనడం మళ్లీ వినబడింది. అసలువి వేయించాక పోయింది. రత్నాచల్‌లో విజయవాడ వెళ్తుంటే రైలు మోత పూర్తిగా అణగి, టీ అమ్మే అబ్బాయి కేక మాత్రం వినిపిస్తుంది. ఆ సుఖం కోసమే ఇంకా దీన్ని వదల్లేదు.

నాకు రోజంతా కాల్స్ ఉంటాయి, ఇంట్లో ఫ్యాన్లు ఆగవు, కాబట్టి ఆ డబ్బు పూర్తిగా వృథా అనలేను. హైదరాబాద్ లాంటి పొడి ఊళ్లో, ఏసీ గదిలో వాడేవాళ్లకు ఇంత బాధ ఉండకపోవచ్చు. కాకినాడ, మచిలీపట్నం, చెన్నై వాళ్లయితే మాత్రం రబ్బరు పూత లేని మోడల్, గుడ్డ ప్యాడ్లు ఉన్నది వెతకండి. అసలు ప్యాడ్ల జత ధర ముందే కనుక్కుని, దాన్ని కూడా కలుపుకునే బేరం చూసుకోండి.