నల్లమల క్షేత్రాలు: తిథి కన్నా ఋతువు చూసుకుని వెళ్ళాలి

నల్లమలకు వెళ్ళేవాళ్ళలో చాలామంది పంచాంగంలో పర్వదినం చూసి బయల్దేరతారు. శివరాత్రికి శ్రీశైలం, కార్తీక సోమవారానికి మహానంది, స్వాతి నక్షత్రానికి అహోబిలం. పుణ్యం మాట ఎలా ఉన్నా ఆ రోజుల్లో దక్కేవి క్యూలైను, గది కోసం తిరుగుడు, గర్భగుడి ముందు రెండు క్షణాల తోపులాట. మనసు కాస్త కుదుటపడాలని వెళ్ళేవాళ్ళు పంచాంగంతో పాటు అడవినీ చూసుకోవాలి. చెట్లు ఆకు రాల్చాయా, వాగులు పారుతున్నాయా, జలాశయంలో నీళ్ళెన్ని అడుగులున్నాయి? ఈ మూడూ కనుక్కుని, పర్వదినానికి వారం పది రోజులు అటో ఇటో జరిగితే అదే దేవుడు అదే కొండ మీద తీరిగ్గా కనిపిస్తాడు. ఈ లెక్కకు లొంగనివి రెండున్నాయి, సలేశ్వరం, శివరాత్రి కాలిబాట. వాటి సంగతి ముందు ముందు.

వానాకాలంతో మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే ఎక్కువమంది దెబ్బతినేది అప్పుడే. కృష్ణకు వరద వచ్చి శ్రీశైలం జలాశయం 885 అడుగుల పూర్తి మట్టానికి చేరువైతే గేట్లు ఎత్తుతారు. మొత్తం పన్నెండు గేట్లు. టీవీలో ఆ దృశ్యం చూసి శని, ఆదివారాల్లో హైదరాబాద్ నుంచి కార్లన్నీ ఒకేసారి కదులుతాయి. దోమలపెంట నుంచి డ్యాం దాకా ఘాట్ రోడ్డులో బండ్లు నిలిచిపోతే గంటల తరబడి కదలవు, మలుపుల్లో వెనక్కి తిరిగే చోటు కూడా ఉండదు. గేట్లు చూడాలంటే మంగళ, బుధవారాల్లో వెళ్ళాలి. అదే సమయంలో పాతాళగంగ నుంచి అక్కమహాదేవి గుహలకు వెళ్ళే బోట్లను ప్రవాహం ఎక్కువైతే ఆపేస్తారు. పులుల అభయారణ్యంలో సఫారీలు కూడా జులై నుంచి సెప్టెంబరు దాకా ఉండవు. ఈ రెండిటి కోసం వానల్లో టికెట్లు, గదులు ముందే కొనుక్కుంటే డబ్బు నీళ్ళపాలే.

శ్రావణ భాద్రపదాల్లో అహోబిలం అందం చెప్పనలవి కాదు, ప్రమాదమూ అంతే. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహుడి దగ్గరికి వెళ్ళే దారి భవనాశిని వాగు వెంబడి, కొన్నిచోట్ల వాగులోంచే పోతుంది. పైన కొండల్లో వాన పడితే ఇక్కడ చినుకు లేకపోయినా గంటలో నీళ్ళు మోకాలు దాటతాయి. అప్పటిదాకా తేటగా ఉన్న నీళ్ళు ఎర్రబారి ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తుంటే అక్కడితో ఆగి వెనక్కి రావడమే. రబ్బరు చెప్పులు నాచు మీద నిలవవు, అడుగున గాళ్ళున్న బూట్లు కావాలి. వాన గట్టిగా పట్టిన వారంలో ఎగువ కొండల జోలికి పోకుండా, దిగువ అహోబిలానికి దగ్గర్లో రోడ్డు మీదే ఉన్న ఛత్రవట, యోగానంద నరసింహుల దర్శనం చేసుకుని మహానందికి వెళ్ళడం తెలివైన పని.

ఆశ్వయుజం వచ్చేసరికి వాన తగ్గుతుంది, వాగులు మాత్రం పారుతూనే ఉంటాయి. మల్లెలతీర్థం జలపాతానికి అదే అదను. శ్రీశైలం రోడ్డులో వటవర్లపల్లి దగ్గర లోపలికి తిరగాలి. ఎనిమిది కిలోమీటర్ల దారి, చివర మూడు వందల యాభై దాకా మెట్లు. దిగడం తేలిక, ఎక్కడమే పరీక్ష. పుష్యం దాటాక ధార పలచబడుతుంది, ఎండాకాలంలో వెళ్తే బండ చూసి రావాలి.

శ్రీశైలానికి కార్తీకం ప్రసిద్ధి. సోమవారాలు, పౌర్ణమి, వారాంతాల్లో రద్దీ ఎక్కువై స్పర్శదర్శనం ఆపేస్తుంటారు. మల్లన్నను చేత్తో తాకడం కోసమే వెళ్ళేవాళ్ళకు అదొక్కటీ లేకపోతే ప్రయాణమంతా వెలితే. కాబట్టి మార్గశిరం మేలు. చలి అదే, ఆకాశం అదే, ఊరు మాత్రం సగం ఖాళీ. స్పర్శదర్శనానికి మగవాళ్ళు పంచె కండువా, ఆడవాళ్ళు చీర లేదా చున్నీతో చుడీదార్ వేసుకోవాలి. ప్యాంటుతో వెళ్ళి గేటు దగ్గర పంచె కోసం వెతుక్కునే తంటా రోజూ కనిపించేదే.

బస విషయంలో దేవస్థానం గదులే మొదటి మాట. గుడికి దగ్గర, ధర తక్కువ, వేడినీళ్ళు వేళకు వస్తాయి. కాకపోతే వాటి కోసం నెట్‌లో వెతికితే అచ్చం దేవస్థానం పేరుతోనే నకిలీ సైట్లు తగులుతాయి. ఫోన్ నంబరిచ్చి, ఫోన్‌పేలో అడ్వాన్సు పంపమంటే అది మోసమే. దేవస్థానం అలా వ్యక్తుల ఖాతాలకు డబ్బు వేయమనదు. గది దొరక్కపోతే కుల సత్రాలున్నాయి. కొన్ని తమవాళ్ళకే ఇస్తాయి, కొన్ని ఖాళీ ఉంటే ఎవరికైనా ఇస్తాయి. భోజనం బాగుండేది చాలావరకు సత్రాల్లోనే. పర్యాటక శాఖ హరిత హోటల్లో గదులు విశాలం, ప్రశాంతం, కానీ వేకువ దర్శనాలకు దేవస్థానం గదులంత అనువు కాదు. అడవి మధ్య నిద్రలేవాలనుకునేవాళ్ళు మన్ననూరులో తెలంగాణ అటవీశాఖ 'టైగర్ స్టే' చూసుకోవచ్చు. సఫారీ, చెంచు యువకులతో నడక అందులోనే కలిసి వస్తాయి. అయితే అది గుడి ప్రయాణానికి కాదు, అడవికే ఒక రోజు ఇవ్వగలిగినవాళ్ళకు.

రోడ్డు గురించి ఒక్క మాట. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదికి మూస్తారు, పొద్దున ఆరుకు తీస్తారు. దోర్నాల వైపూ అంతే. హైదరాబాద్‌లో సాయంత్రం ఐదు దాటాక బయల్దేరితే గేటు దగ్గర కారులో నిద్ర తప్పదు. పెట్రోలు కల్వకుర్తిలోనే నింపుకోవాలి. అడవిలో ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు కాబట్టి గది బుకింగ్ కాగితం ప్రింటు తీసి పెట్టుకోవడం, లేదా ఫోన్‌లో ఫోటోగా దాచుకోవడం మంచిది.

శ్రీశైలంలో ఒక్క చోటే తీరిగ్గా కూర్చునే వీలుంటే అది పాలధార పంచధార. ఆది శంకరులు తపస్సు చేసిన చోటని ప్రతీతి. మెట్లు దిగి వెళ్తే కొండ పగుళ్ళలోంచి సన్నని ధారలు, ఒకదాని పక్కన ఒకటి. వానాకాలంలో హోరు, చలికాలంలో చప్పుడు వినడానికి చెవి ఒగ్గాలి. మార్గశిరంలో పొద్దున ఏడు లోపల వెళ్తే టూరిస్టు జీపులు ఇంకా రావు. తొమ్మిదయ్యాక అక్కడ నిలబడే చోటు కూడా కష్టం. జీపువాళ్ళు సాక్షి గణపతి, శిఖరేశ్వరం, హఠకేశ్వరం, పాలధార కలిపి ఒక ప్యాకేజీగా తిప్పుతారు, ఒక్కోచోట పావుగంట. ఆ లెక్కకు ఒప్పుకుంటే ఫోటోలే మిగులుతాయి. ఆటో మాట్లాడుకుని రెండు చోట్లకే వెళ్ళడం నయం.

హేమంతం నల్లమలలో నడకకు ఋతువు, అహోబిలానికి అన్నిటికన్నా అనువైన కాలం. నవ నరసింహులను ఒకే రోజులో చుట్టేస్తామనేవాళ్ళు ఉన్నారు. చుట్టొచ్చు, చూడలేరు. రెండు రోజులుగా విడగొట్టుకోవాలి. మొదటి రోజు తెల్లవారగానే ఎగువ అహోబిలం చేరి, ఉగ్ర నరసింహుడి దర్శనమయ్యాక వరాహ, మాలోల, జ్వాలా. ఈ మూడింటికీ వెళ్ళి రావడానికి మామూలు నడకకు నాలుగైదు గంటలు పడుతుంది. ముందు జ్వాలకు వెళ్ళి, దిగేటప్పుడు మాలోలుడి దగ్గర ఆగితే మోకాళ్ళకు సుఖం. మాలోల గుడి ముందు చదును నేల ఉంది, లక్ష్మిని తొడ మీద కూర్చోబెట్టుకున్న శాంతమూర్తి. ఎదురుగా లోయ. ఆ కొండల్లో గంట సేపు ఊరికే కూర్చోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు. రెండో రోజు కారంజ, భార్గవ, యోగానంద, ఛత్రవట. పావన నరసింహుడి దారి రాళ్ళమయం. జీపులో వెళ్తే నడుము విరుగుతుంది, నడిస్తే పూట పడుతుంది. ఓపిక లేనివాళ్ళు దాన్ని వదిలేసినా తప్పు లేదు.

గైడు లేకుండా జ్వాలకు పోకూడదు, దారి చీలికలు ఎక్కువ. ఎన్ని గుళ్ళు, ఎంత డబ్బు, నరసింహుడు చీల్చుకుని వచ్చాడని చెప్పే శిఖరం ఉగ్రస్తంభం అందులో ఉందా లేదా అన్నది ఎక్కేముందే తేల్చుకోవాలి. సగం దారిలో బేరం మొదలైతే మనసులో శాంతి కాస్తా ఆవిరవుతుంది. ఉగ్రస్తంభం ఎక్కడం మాత్రం నిజంగా కష్టం, చేతులతో బండ పట్టుకుని పాకాలి. మోకాళ్ళు బాగా లేనివాళ్ళకు జ్వాల దాకా డోలీలున్నాయి. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, ఒక చేతికర్ర. కర్ర నడకకే కాదు, కోతులకు కూడా. ఎగువ గుడి మధ్యాహ్నం కొంతసేపు మూస్తారు, ఆ వేళకు దిగి వస్తే తలుపు ముందు కూర్చోవాలి. దిగువ అహోబిలంలో హరిత హోటలు, మఠం వసతి గృహాలు ఉన్నాయి. భోజనం పొద్దునే చెప్పి వెళ్ళకపోతే మధ్యాహ్నం మూడింటికి అరటిపళ్ళే గతి. అక్కడ ఏదీ బాగా లేదనుకుంటే ఆళ్ళగడ్డలో ఉండి పొద్దున రావచ్చు, పాతిక కిలోమీటర్ల లోపే.

కనుమ పండగ నుంచి అహోబిలేశుడు పారువేటకు బయల్దేరి నలభై రోజులకు పైగా చుట్టుపక్కల ఊళ్ళు తిరుగుతాడు. చెంచులక్ష్మిని చేసుకున్న అల్లుడు కాబట్టి పెళ్ళి పిలుపులకు వెళ్తున్నాడని చెంచుల నమ్మకం. ఆ రోజుల్లో ఏదో ఒక పల్లెలో పల్లకి దిగిన చోటికి వెళ్తే క్యూలైను లేని దర్శనం.

శిశిరంలో అడవి ఆకు రాలుస్తుంది. మోదుగ, కొండగోగు ఆకు లేకుండానే పూస్తాయి, ఒకటి నిప్పు రంగు, ఒకటి పసుపు. ఆత్మకూరు వైపు వెంకటాపురం నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం చేరే పాత కాలిబాటకు అటవీశాఖ అనుమతి ఇచ్చేది ఇప్పుడే, శివరాత్రికీ ఉగాదికీ. ఇక్కడ తిథి తప్పించే వీల్లేదు. రెండు రోజుల నడక. రెడ్డిరాజుల కాలంలో వేసిన రాతిమెట్లు అక్కడక్కడా ఇంకా ఉన్నాయి. మెడలు విరిచేది చివరి భాగమే. భీముని కొలను లోయలోకి దిగి మళ్ళీ నిట్టనిలువుగా ఎక్కాలి. అక్కడ నీళ్ళు నిండుకున్నవాళ్ళే పడిపోతుంటారు, కాబట్టి పెద్దచెరువు దగ్గర సీసాలు నింపుకోకుండా కదలకూడదు. నడిచేందుకు ఉగాదే బాగుంటుంది. కన్నడ భక్తులు భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా తలచి చీర, పసుపు కుంకుమలు మోసుకొస్తారు. ఎండ మాత్రం శివరాత్రి కన్నా ఎక్కువ, రాత్రి మూడుకే నడక మొదలుపెట్టాలి.

సలేశ్వరం తెరిచేది చైత్ర పౌర్ణమి జాతరకే, అదీ కొద్ది రోజులే. చుట్టూ అడవి ఎండిపోయి, కాలి కింద ఆకు గరగరలాడే వేళ అక్కడ మాత్రం కొండ మీంచి నీళ్ళు గుండంలోకి దూకుతుంటాయి. లింగమయ్య గుహలో ఉంటాడు, పూజ చేసేది చెంచులు. ఫరహాబాద్ దగ్గర అడవిలోకి తిరిగి, రాంపూర్ పెంట దాకా బండి, అక్కణ్ణించి ఐదారు కిలోమీటర్ల నడక. 'వత్తున్నం లింగమయ్యో' అంటూ వెళ్ళేవాళ్ళు, 'పోతున్నం లింగమయ్యో' అంటూ వచ్చేవాళ్ళు ఒకే ఇరుకు దారిలో ఎదురవుతారు. చివరి దిగుడులో ఒక పక్క బండ, ఇంకో పక్క లోయ, మధ్యలో మనిషి పట్టేంత అంచు. జనం ఆగిపోయేది అక్కడే. పౌర్ణమి రోజు వదిలేసి జాతర మొదటి రోజు, గేటు తీయగానే లోపలికి వెళ్ళినవాళ్ళు ఎండ ముదిరే లోపు పైకి వచ్చేస్తారు. సొంత కారు కన్నా అచ్చంపేట నుంచి వేసే ఆర్టీసీ స్పెషల్ బస్సు మేలు. మట్టిదారిలో ఒక కారు చెడితే వెనక వందలు ఆగుతాయి. అగ్గిపెట్టె, ప్లాస్టిక్ సీసా గేటు దగ్గరే తీసేసుకుంటారు, స్టీలు సీసా పట్టుకెళ్ళాలి. గుండె జబ్బు, మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు అచ్చంపేటకు దగ్గర్లోని ఉమామహేశ్వరం వెళ్ళడం ఉత్తమం. పైదాకా రోడ్డుంది, గుడి మీద వాలిన కొండ నీడ మండుటెండలోనూ చల్లగా ఉంటుంది.

గ్రీష్మంలో అందరూ నల్లమలను మరిచిపోతారు. సంగమేశ్వరం బయటపడేది అప్పుడే. శ్రీశైలం వెనకజలాల్లో ఏడాదిలో ఎక్కువ భాగం మునిగి ఉండే గుడి, వేపమొద్దు లింగం. జలాశయం మట్టం 840 అడుగుల దరిదాపులకు పడితే గుడి తేలుతుంది. పేపర్లో రోజూ వచ్చే నీటిమట్టాలు చూసుకుంటే చాలు. తేలిన మొదటి వారాల్లో మాత్రం వెళ్ళొద్దు. చుట్టూ ఒండ్రు ఆరదు, పైకి గట్టిగా కనబడ్డా అడుగు దిగబడుతుంది, కారు దిగబడితే ట్రాక్టరు పిలవాలి. మరో రెండు వారాలు ఆగితే నేల పగుళ్ళిస్తుంది, అప్పుడు నడవచ్చు. అక్కడ బస లేదు, నీడా లేదు. ఆత్మకూరు నుంచి పొద్దునే వెళ్ళి పది లోపల తిరిగి రావాలి.

ఆ ప్రయాణాన్ని మహానందితో ముగిస్తే ఒళ్ళు తేలికపడుతుంది. అక్కడి ఊట ఏ ఋతువులోనూ తగ్గదు, పెరగదు. ఎండాకాలంలో చల్లగా, చలికాలంలో గోరువెచ్చగా తగులుతుంది, అడుగున పడిన రూపాయి బిళ్ళ మీద బొమ్మ కనబడేంత తేట. సబ్బు, షాంపూ కోనేట్లో వాడనివ్వరు. గదుల కోసం దేవస్థానం కాటేజీలు, హరిత హోటలు ఉన్నాయి. నంద్యాల పదిహేను కిలోమీటర్ల దూరంలోనే ఉంది కాబట్టి దొరక్కపోయినా బెంగ లేదు. వచ్చేటప్పుడు గుంటూరు వైపు వెళ్ళేవాళ్ళు నంద్యాలలో పగటి రైలు ఎక్కాలి, రాత్రి రైలు వద్దు. చలమ, బొగద, దిగువమెట్ట మీదుగా బండి నల్లమలను అడ్డంగా దాటుతుంది, కిటికీ పక్క సీటుకు రిజర్వేషన్ లేకపోతే ఒక స్టేషను ముందే ఎక్కి కూర్చోవడం నయం.