సీరియస్ సామ్‌కి రెండు చెవులూ కావాలి

సీరియస్ సామ్ అనేది గుంపులుగా వచ్చే రాక్షసుల్ని కాల్చుకుంటూ పోయే కంప్యూటర్ గేమ్. దీని గురించి చెప్పేవాళ్ళు తుపాకుల దగ్గరో, గ్రాఫిక్స్ దగ్గరో మొదలుపెడతారు. నాకది అస్సలు నచ్చదు. సీరియస్ సామ్: ద ఫస్ట్ ఎన్‌కౌంటర్‌లో గొప్పదంతా వినికిడిలో ఉంది. క్రొయేషియాకి చెందిన క్రోటీమ్ వాళ్ళు 2001లో చేసిన ఈ పాత గేమ్‌ని ఏళ్ళ తరబడి ఆడుతున్నాను, మధ్యలో ఎన్నో గేములు వేసుకుని తీసేశాను, ఇదొక్కటి మాత్రం ల్యాప్‌టాప్‌లోంచి పోలేదు. అందుకు కారణం ఒక కేక.

ఆడనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఎడారి. ఎదురుగా ఈజిప్టు గుడి, చుట్టూ ఇసుక, కనుచూపు మేరలో పురుగు కూడా లేదు. అప్పుడు ఎక్కడో దూరంగా సన్నగా "ఆఆఆఆ" అని మొదలవుతుంది. ఎటువైపు నుంచో వెతుక్కునేలోపు అది పెరుగుతుంది, దగ్గరవుతుంది, అప్పుడు కనిపిస్తాడు: తల లేని మనిషి, రెండు చేతుల్లో రెండు బాంబులు, గొంతు చించుకుని అరుస్తూ మన మీదికే పరుగెత్తుకొస్తుంటాడు. మా బామ్మర్ది మొదటిసారి చూసినప్పుడు "బావా, వీడికి తలే లేదు కదా, అరుపు ఎక్కణ్ణుంచి వస్తోంది?" అని కడుపు పట్టుకుని నవ్వుతూ ఉండిపోయాడు, ఈలోపు ఆ మొండెంగాడు వచ్చేశాడు, పేలాడు, మావాడి ఆట అయిపోయింది.

నవ్వూ, టెన్షనూ ఒకే శబ్దంలో పెట్టారు చూడండి, నాకు ఈ గేమ్‌లో అన్నిటికన్నా ఇష్టమైంది అదే. ఒకడి కేక వింటే నవ్వొస్తుంది. పదిమంది కేకలు నాలుగు దిక్కుల నుంచీ కలిసి వస్తే నవ్వుతూనే అరచేతులకి చెమట పడుతుంది. పైగా మొండెంగాణ్ణి దూరంలోనే కొడితే అక్కడే పేలి చుట్టుపక్కల ఉన్న రాక్షసుల్ని కూడా తీసుకుపోతాడు, అంటే ఆ అరుపు ఎటు నుంచి వస్తోందో ముందే పట్టుకున్నవాడికి వాడు ప్రమాదం కాదు, సాయం. తూటాలు ఎప్పటికీ అయిపోని మొదటి రివాల్వర్లే చాలు వాడికి.

మిగతావాళ్ళకీ అంతే, ఎవరి శబ్దం వాళ్ళది. క్లీర్ అనే అస్థిపంజరం గుంపుగా పరుగెత్తుకొస్తుంటే ఎండిన కొబ్బరి మట్టలు ఒకదానికొకటి తగిలినట్టు టకటకమని వినిపిస్తుంది, అది వినగానే చెయ్యి డబుల్ బ్యారెల్ షాట్‌గన్ మీదికి పోవాలి, ఎందుకంటే అది ఎగిరి మీద పడేదాకా ఆగి దగ్గర్నుంచే కొట్టాలి. కొమ్ముల దున్న వస్తుంటే గిట్టల మోత. అది దూసుకొచ్చేటప్పుడు చప్పున మళ్ళలేదు కాబట్టి పక్కకి తప్పుకుంటే చాలు, కానీ మోత ముందే వినుండాలి. పాట కూడా సంగతి చెప్పేస్తుంది. గుళ్ళ మధ్య ఊరికే తిరుగుతున్నంతసేపూ నెమ్మదిగా సాగుతుంది, గొడవ మొదలవగానే డ్రమ్ములు అందుకుంటాయి. కొన్నాళ్ళకి కళ్ళు స్క్రీన్ మీద ఉన్నా అసలు ఆట చెవులతోనే ఆడుతున్నామని తెలుస్తుంది. మెంటల్ అని ఒక కష్టమైన స్థాయి ఉంది, అందులో రాక్షసులు ఉండుండి కనిపించకుండా పోతుంటారు, అక్కడైతే చెవులే దిక్కు.

ఇంతకీ నేను ఎక్కడ ఆడతానో చెప్పకపోతే తర్వాతి మాటలు అర్థం కావు. మాకు ఆకివీడు వైపు రొయ్యల చెరువులున్నాయి, వనామి రకం రొయ్య వేస్తాం. రాత్రి కాపలా నాది. పగలు కంటే రాత్రి నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ, తెల్లవారుజామున మరీ తక్కువ, నీళ్ళని చిలికి గాలి కలిపే ఏరేటర్లు తిరగకపోతే కాసేపటికే రొయ్య పైకి తేలడం మొదలుపెడుతుంది. కరెంటు పోయిన క్షణమే లేచి జనరేటర్ వేయాలి. అందుకని మకాంలో, అంటే చెరువు గట్టు మీది కాపలా పాకలో, నిద్రపోకుండా కూర్చోవాలి, కూర్చోవాలంటే ఏదో ఒకటి కావాలి. సెల్‌లో వీడియోలు చూస్తే నాకు నిద్ర ముంచుకొస్తుంది. ఈ గేమ్ ఆడుతూ మాత్రం ఒక్కరోజు కూడా కునుకు పట్టలేదు. రాత్రిపూట మేలుకుని ఉండాల్సిన పనివాళ్ళకి ఈ ఒక్క మంచి గుణం చాలు.

చిక్కంతా ఇక్కడే వచ్చింది. ఏరేటర్ల చప్పుడు నాకు ఎప్పుడూ వినిపిస్తూ ఉండాలి. అందుకని ఇయర్‌ఫోన్ ఎడమ చెవికే పెట్టుకుని కుడి చెవి చెరువుకి వదిలేస్తాను. గేమ్‌కేమో రెండు చెవులూ కావాలి. నా ఉద్యోగం ఒక చెవి అడుగుతుంది.

పోయిన వేసవిలో ఒక రాత్రి జరిగింది చెబుతాను. డ్యూన్స్ అనే లెవెల్లో ఉన్నాను, పేరుకి తగ్గట్టే ఇసుక దిబ్బలు, ఎటు చూసినా ఖాళీ, దాక్కోవడానికి గోడ కూడా లేదు. క్లీర్ గుంపు ఒకటి ఎదురుగా, మొండెంగాళ్ళ అరుపులు ఎడమ చెవిలో గందరగోళంగా. సరిగ్గా అప్పుడు చెరువు మీద చప్పుడు ఆగిపోయింది. ఈ గేమ్‌లో ఎంత గొడవ మధ్యలో ఉన్నా ఎఫ్6 నొక్కితే అక్కడికక్కడే సేవ్ అయిపోతుంది, నాలాంటి వాడికి దీన్ని మించిన వరం లేదు, ఇప్పటి గేములు చాలావాటిలో వాళ్ళు పెట్టిన చోటే సేవ్ అవుతుంది. నొక్కేసి టార్చి పట్టుకుని గట్టు మీదికి పరుగెత్తాను. జనరేటర్ వేశాను, అన్ని ఏరేటర్లూ అందుకున్నాయో లేదో చూసుకున్నాను, ఓపిక తెచ్చుకుని, రొయ్య మేత తింటోందో లేదో చూసే చెక్ ట్రే కూడా ఎత్తి మేత ఎంత మిగిలిందో చూసి వచ్చాను.

వచ్చి కూర్చుని, సేవ్ చేసిన చోటికి తిరిగి తెచ్చే ఎఫ్9 నొక్కాను. తెర వెలగడం, పేలడం, చచ్చిపోవడం. మళ్ళీ నొక్కాను, మళ్ళీ అదే. సేవ్ చేసిన ఆ క్షణంలో నా కుడి పక్క వెనగ్గా ఒక మొండెంగాడు దాదాపు మీదికి వచ్చేశాడు, వాడి కేక ఇయర్‌ఫోన్ కుడి వైపు వస్తోంది, ఆ కుడి వైపు నా చెవిలో లేదు, చొక్కా మీద వేలాడుతోంది. ముందుకి దూకి చూశాను, క్లీర్ నోట్లో పడ్డాను. ఎడమకి తిరిగాను, వెనక్కి తగ్గాను, కాల్చుకుంటూ గుండ్రంగా తిరిగాను. ప్రతిసారీ వాడే ముందు చేరుకునేవాడు. కోడి కూసేదాకా అదే పని. చెరువు వదిలి రెండు చెవులూ పెట్టుకుందామంటే మనసు ఒప్పుకోదు, రొయ్య పట్టుబడికి ఇంకా టైముంది, కౌంట్ (కిలోకి తూగే రొయ్యల లెక్క, రొయ్య పెరిగేకొద్దీ తగ్గుతుంది) ఇప్పుడిప్పుడే దిగుతోంది, ఆ రాత్రి కరెంటు సంగతి చూస్తే నమ్మేలా లేదు.

తెల్లారాక మా బామ్మర్ది బండి మీద మేత బస్తాలు వేసుకుని వచ్చాడు. మాటల్లో చెబితే "ఏదీ, ఇలా ఇవ్వు బావా" అని కూర్చుని, రెండు వైపులా చెవుల్లో పెట్టుకుని ఎఫ్9 నొక్కాడు. తెర వెలిగిన మరుక్షణమే కుడికి వెనక్కి తిరిగాడు, వెతకలేదు, ఆలోచించలేదు, తిరగడం కాల్చడం ఒకేసారి. మొండెంగాడు రెండడుగుల అవతల పేలాడు, మావాడికి సగం హెల్త్ పోయింది కానీ బతికాడు, ఆ తర్వాత క్లీర్లని ఒక్కొక్కదాన్నే తీరిగ్గా పడగొట్టుకుంటూ పోయాడు. నేను రాత్రంతా పడిన పాటు అతనికి ఒక్క క్షణం పని. చేతి వేగంలో అతని కంటే నేనే మెరుగు, ఆ సంగతి అతనూ ఒప్పుకుంటాడు. తేడా అంతా ఆ కుడి చెవిదే. అప్పుడు అతనే ఇంకో సంగతి చూపించాడు: లోడ్ మెనూలోకి వెళితే అంతకుముందు ఎఫ్6తో చేసిన పాత సేవులు కూడా కొన్ని ఉంటాయట. ఎఫ్9 నొక్కితే ఆఖరిది మాత్రమే వస్తుంది. చిక్కుకుపోయిన వాళ్ళెవరైనా ఉంటే అక్కడ చూడండి.

తర్వాత కరెంటు పోతే మోగే సైరన్ పెట్టించాను. ఇక రెండు చెవులూ ఆటకే అనుకున్నాను. కానీ కరెంటు ఉండగానే ఏదో ఒక ఏరేటర్ మోటారు ఆగిపోవచ్చు, అప్పుడు సైరన్ మోగదు. ఆ తేడా పట్టేది చెవే. కాబట్టి నెలలో ఎక్కువ రాత్రులు ఇప్పటికీ ఒంటి చెవితోనే ఆడుతున్నాను, కష్టం స్థాయి ఒక మెట్టు దించుకుని.

శబ్దాన్ని ఇంతగా పొగిడాను కదా, అందులోనూ ఒక ద్రోహం ఉంది. సగం గేమ్ దాటాక వీళ్ళు తమ నియమాన్ని తామే తప్పుతారు. నేల మీద, తీసుకుంటే ప్రాణం పెరిగే చిన్న హెల్త్ ముక్క ఒకటి కనిపిస్తుంది, ముట్టుకోగానే వీపు వెనక గాల్లోంచి రాక్షసుడు ఊడిపడతాడు. అరుపు లేదు, గిట్టల మోత లేదు, దూరం నుంచి రావడమే లేదు. మొదటిసారి నవ్వాను, మంచి ఆకతాయి పని అనుకున్నాను. అదే పని మళ్ళీ మళ్ళీ చేస్తే ఒళ్ళు మండుతుంది. చెవులు నమ్ముకోమని నేర్పించిన గేమే చెవుల్ని మోసం చేయడం నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు. ఇప్పుడు ఏదైనా ముట్టుకునే ముందు గోడకి వీపు ఆనించి వెనక్కి నడుస్తూ వెళతాను, అది ఆడినట్టుండదు, కాపలా కాసినట్టుంటుంది. గదుల్లో పెట్టి తలుపులు మూసేసి గుంపు తర్వాత గుంపుని వదలడం కూడా చివరి లెవెల్లలో మరీ ఎక్కువైంది. అంతసేపు ఆ అరుపులు చెవిలో పడితే ఎంత ఇష్టమైన కేక అయినా తలనొప్పే.

మనం ఆడే హీరో సామ్ డైలాగుల సంగతి పెద్దగా చెప్పను. మొదటి రౌండ్‌లో సరదాగా ఉంటాయి, తర్వాత పట్టించుకోం. ఈ గేమ్ హాస్యం అతని నోట్లో కంటే మిగతా చోట్లే ఎక్కువుంది. ఉదాహరణకి రక్తం ఏ రంగులో ఉండాలో సెట్టింగుల్లో మార్చుకోవచ్చు, అందులో హిప్పీ అని ఒకటుంది, అది పెడితే తూటా తగిలిన రాక్షసుడిలోంచి రక్తానికి బదులు పూలు రాలతాయి. సెలవులకి వచ్చిన మా అక్క కొడుకు ఆడతానని గొడవ చేస్తే భయపడుతూనే ఇది పెట్టి ఇచ్చాను. వాడు ఎడారినంతా పూలతో నింపేసి, మొండెంగాడు వచ్చినప్పుడల్లా వాడి కంటే గట్టిగా వీడే అరిచాడు. పక్క చెరువు కాపలా ఆయన ఏమైందోనని గట్టు దిగి వచ్చారు. అయినా చిన్నపిల్లలకి ఇమ్మని నేను చెప్పను, పూలు రాలినా కాల్చడం కాల్చడమే, అది ఇంట్లో పెద్దవాళ్ళు తేల్చుకోవాల్సింది.

బామ్మర్దీ నేనూ కలిసి ఒకే ల్యాప్‌టాప్ మీద తెర రెండు ముక్కలు చేసుకుని ఆడిన రాత్రులు కూడా ఉన్నాయి, అతనికి గేమ్‌ప్యాడ్, నాకు కీబోర్డు. అప్పుడు స్పీకరే గతి, ఎవరి మీదికి వచ్చేవాడి కేక ఎటు నుంచో తేల్చుకోలేం. కానీ "బావా, నీ వెనక!" అని అతను అరిస్తే దిక్కు దొరుకుతుంది. శబ్దం పోయినా ఆట పోలేదు, నేను అది ఊహించలేదు. ఇలా ఆడాలంటే మాత్రం మకాంలో ఇద్దరుండాలి, మా అత్తగారు అతన్ని రోజూ రాత్రి పంపరు కదా.

2016లో క్రోటీమ్ వాళ్ళు దీని ఇంజిన్ సోర్స్ కోడ్ (గేమ్‌ని నడిపించే అసలు ప్రోగ్రామ్ రాత) బయటికి ఇచ్చేశారు, దాంతో ఇష్టమున్నవాళ్ళు ఇప్పటి కంప్యూటర్లకి తగ్గట్టు, లైనక్స్‌కి కూడా, సర్ది పెట్టారు. కొత్త తెరల కోసం 2009లో హెచ్‌డీ రూపం వచ్చింది, బామ్మర్ది ఇంట్లో అదే ఆడతాడు, ఇసుక, గుళ్ళు చాలా బాగుంటాయి. నా పాత ల్యాప్‌టాప్ దాన్ని మోయలేదు కాబట్టి నేను పాతదానితోనే ఉన్నాను.

కొనాలా అని అడిగేవాళ్ళకి: కథ కావాలనుకుంటే వద్దు, ఇందులో పెద్దగా కథేం లేదు. ఇంట్లో తలుపు వేసుకుని రెండు చెవులూ పెట్టుకుని గంటో రెండు గంటలో కూర్చోగలిగితే తీసుకోండి, నాకు దొరకనిది మీకు దొరుకుతుంది. నాలాగా ఏదో కాపలా కాస్తూ ఒంటి చెవితో ఆడేవాళ్ళు నార్మల్ కంటే కింది స్థాయిలో మొదలుపెట్టండి, లేకపోతే గేమ్‌ని తిట్టుకుని వదిలేస్తారు. వైరున్న ఇయర్‌ఫోన్ వాడండి. నా బ్లూటూత్‌లో కేక కాస్త ఆలస్యంగా వచ్చేది, ఆ కాస్త చాలు మొండెంగాడికి. ఉప్పు గాలికి చెరువు దగ్గర వైర్లు తొందరగా పాడైపోతాయి, అందుకని నేను చవకవి రెండు జతలు ఒకేసారి కొని పెట్టుకుంటాను.