నాసిక్ చిన్న వైనరీలు: గుంటూరు భోజనప్రియుల కోసం ఒక సమీక్ష

గుంటూరు, విజయవాడల నుంచి నాసిక్ వైపు వెళ్లేవారిలో ఎక్కువమంది శిరిడీ, త్ర్యంబకేశ్వరం దర్శించుకుని తిరిగి వచ్చేస్తారు. నరసాపురం నుంచి నాగర్‌సోల్ వెళ్లే రైలు, కాకినాడ నుంచి సాయినగర్ శిరిడీ వెళ్లే రైలు రెండూ విజయవాడ మీదుగానే నడుస్తాయి కాబట్టి ఆ దారి మనవారికి కొట్టినపిండి. అయితే శిరిడీకి దాదాపు 90 కిలోమీటర్ల దూరంలో, గోదావరి పుట్టిన కొండలకు దగ్గరగా, దేశంలోనే పేరుపొందిన వైన్ ద్రాక్ష తోటలు, ఆ పండుతో వైన్ తయారుచేసే వైనరీలు ఉన్నాయి. వాటిలోనూ చిన్నవాటిని ఎంచుకుని, ఒక్కొక్కదానికి ఒక పూట పూర్తిగా కేటాయించి, అక్కడే భోజనం చేస్తే తప్ప ఆ ప్రాంతం రుచి తెలియదని నా అభిప్రాయం. దర్శనాన్ని, వైన్‌ను మాత్రం ఒకే రోజు పెట్టుకోవద్దు. మేము మొక్కులన్నీ తీర్చుకున్న తరువాతే తోటల వైపు వెళ్లాము, మనసుకు అదే హాయిగా అనిపించింది.

ముందుగా తోటను చూడటం నేర్చుకోవాలి. మనం తినే ద్రాక్షను పందిళ్ల మీదకు పాకిస్తారు. ఒకప్పుడు హైదరాబాదు చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ తోటలను చూసినవారికి ఆ పందిళ్లు గుర్తుండే ఉంటాయి. వైన్ ద్రాక్షను అలా కాకుండా తీగలు కట్టిన వరుసల్లో నిలువుగా పెంచుతారు. ఈ పండు చిన్నది, తొక్క దళసరి, లోపల విత్తనాలు ఉంటాయి. రెడ్ వైన్‌కు రంగు, వగరు వచ్చేది ప్రధానంగా ఆ తొక్క నుంచే. ఫ్రాన్సులో చలికాలం తీగను నిద్రపుచ్చుతుంది, ఇక్కడ అంత చలి లేదు. అందువల్ల ఏప్రిల్ ప్రాంతంలో ఒకసారి, వానలు తగ్గుముఖం పట్టే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మరోసారి కొమ్మలు కత్తిరించి, పంట వానకు చిక్కి కుళ్లిపోకుండా చలికాలపు పొడి వాతావరణంలో పండేలా చూసుకుంటారు. కోత ప్రధానంగా జనవరి నుంచి మార్చి వరకు సాగుతుంది. వెళ్లదలచుకున్నవారు జనవరి చివరలోనో, ఫిబ్రవరిలోనో వెళ్తే తీగ మీద పండును, తొట్టిలో పులుస్తున్న రసాన్ని ఒకే రోజు చూడవచ్చు.

ఈ ప్రాంతంలో వైన్ తయారీకి దారి వేసిన సంస్థ సులా. రాజీవ్ సామంత్ 1997లో ఇక్కడ వైన్ ద్రాక్ష నాటించారు, 2000లో మొదటి వైన్‌లు వెలువడ్డాయి. ఆ తరువాతే చుట్టుపక్కల ఎందరో ఈ సాగు వైపు మళ్లారు. ఆ సంస్థ గురించి రాసినవారు చాలామంది ఉన్నారు కాబట్టి నేను దానిని ఇక్కడితో వదిలి చిన్నవాటి దగ్గరకు వస్తాను.

గంగాపూర్ జలాశయం ఒడ్డున ఉన్న యార్క్ వైనరీని గుర్నాణీ కుటుంబం స్థాపించింది. యోగిత, రవి, కైలాష్ అనే ముగ్గురు పిల్లల పేర్లలోని తొలి అక్షరాలతో ఆ పేరు కుదిరింది. 2021లో సులా దానిని తన పరం చేసుకున్నప్పటికీ, మేము వెళ్లినప్పుడు చిన్నచోటి నెమ్మది అక్కడ చెక్కుచెదరలేదు. సాయంత్రం జలాశయం వైపు ముఖం పెట్టి కూర్చుని, షెనిన్ బ్లాంక్ అనే చల్లని తెల్ల వైన్ గుటకగుటకగా తాగుతున్నంతసేపూ నా దృష్టి ఆ నీటి మీదే ఉంది. అది గోదావరి. పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిసి, ప్రకాశం బ్యారేజీ దాకా వచ్చే నది ఇదే కదా అనుకుంటే, పరాయి ఊరిలో ఉన్నామన్న బెరుకు పోయింది. అక్కడి వడ్డన శుభ్రంగా ఉంది, చెప్పే తీరులో మర్యాద ఉంది. శనివారం, ఆదివారం మాత్రం ముంబయి, పుణె నుంచి జనం వస్తారు కనుక ఆ రెండు రోజులూ ఏ వైనరీకీ వెళ్లకపోవడం మేలు.

నాకు అన్నిటికంటే నచ్చినది వల్లోన్. ఇగత్‌పురి వైపు, సంజేగావ్ దగ్గర, ముకణే జలాశయం కనిపించే చోట ఉన్న ఈ చిన్న వైనరీలో భోజనశాల, బస చేయడానికి కొద్ది గదులు ఉన్నాయి. మాకు వైనరీ చూపించిన యువకుడు తొందర పడలేదు. తెల్ల వైన్‌కు పండును ముందే పిండి రసం మాత్రమే పులియబెడతారని, ఎర్ర వైన్‌కు తొక్కతో కలిపి పులియబెట్టి, పైకి తేలిన తొక్కల పొరను రోజూ కిందికి ముంచుతారని, ఉక్కు తొట్టెల చుట్టూ చల్లని ద్రవం ప్రవహించకపోతే పులిసేటప్పుడు పుట్టే వేడికి పండు వాసన ఎగిరిపోతుందని వివరించాడు. మావారికి వైన్ అలవాటు లేదు. ఆయన అడిగిన ప్రతి ప్రశ్నకూ ఆ యువకుడు చిన్నబుచ్చకుండా జవాబు చెప్పాడు. రుచి చూసి ఉమ్మివేయడానికి బల్ల మీద పాత్ర పెట్టారు. నలుగురిలో ఉమ్మివేయడం మనకు సిగ్గుగా ఉంటుంది, కానీ వరుసగా అనేక రకాలు రుచి చూసేటప్పుడు అదే సరైన పద్ధతి, అందులో తప్పేమీ లేదు.

ఇక్కడి వియోనియే అనే తెల్ల వైన్ సువాసన నన్ను ఆకట్టుకుంది. మాల్బెక్ అనే ఎర్ర రకంలో వగరు ఉన్నా నాలుకను పట్టేయలేదు. చివరగా ఇచ్చిన తియ్యని వైన్ వాన్ ద పసెరియాజ్ అన్నిటినీ మించినది, ఎండిన పండులోని చిక్కదనం అందులో ఉంది, తీపి వెనక పులుపు కూడా ఉంది కనుక వెగటు కలగలేదు. మరొక సంగతి చెప్పాలి. మన ఊళ్లలో మద్యం దుకాణం వైపు ఆడవాళ్లు కన్నెత్తి చూడటానికి కూడా ఇబ్బంది పడతారు. ఇక్కడ నేను, నా తోడికోడలు పక్కపక్కన కూర్చుని, ఎవరి చూపులనూ పట్టించుకోవలసిన అవసరం లేకుండా తాగి, తిని, మాట్లాడుకున్నాము. ఒక చోటిని మెచ్చుకోవడానికి నాకు ఇది చిన్న కారణం కాదు.

ఇక భోజనం. గుంటూరు కారానికి అలవాటు పడిన నాలుకకు ఏ వైన్ సరిపోతుందన్నదే నా అసలు ప్రశ్న. మిరపకాయలోని మంటను ఆల్కహాల్ ఇంకా పెంచుతుంది, ఎర్ర వైన్‌లోని వగరు దానికి తోడైతే నోరు ఎండిపోతుంది. అందువల్ల మన కోడి వేపుడు పక్కన కాబెర్నే సావిన్యాన్ అనే ఘాటైన ఎర్ర వైన్ పెట్టడం రెండింటికీ అన్యాయమే. కాస్త తీపి మిగిలిన షెనిన్ బ్లాంక్‌నో, గులాబీ రంగు రోజే వైన్‌నో బాగా చల్లబరచి తాగితే ఆ తీపి, ఆ చల్లదనం కారాన్ని అణుస్తాయి. గోంగూర మాంసానికి వేరే లెక్క ఉంది. గోంగూర పులుపు ముందు పులుపు లేని వైన్ చప్పగా తేలిపోతుంది కాబట్టి పచ్చి ఆకు వాసన గల సావిన్యాన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ దానికి తగినది. చింతపండు పులుసుకూ ఇదే వర్తిస్తుంది. ఉలవచారు చిక్కదనానికి, దానిలోని పొగ వాసనకు మిరియాల ఘాటు ఉన్న షిరాజ్ అనే ఎర్ర వైన్ నిలబడుతుంది, కానీ ఆ పూట పచ్చిమిరపకాయలు పక్కన పెట్టాలి. బొబ్బట్లకు పైన చెప్పిన తియ్యని వైన్ తప్ప మరొకటి వద్దంటాను.

నాసిక్ పట్టణంలోని ఒక భోజనశాలలో రెడ్ వైన్‌ను గది వేడిలోనే తెచ్చి పోశారు. 16 నుంచి 18 డిగ్రీల మధ్య ఇవ్వవలసిన దానిని అలా ఇస్తే సారా వాసన తప్ప ఏమీ మిగలదు. వేసవిలో 40 డిగ్రీలు దాటే విజయవాడ ఇళ్లలో అయితే రెడ్ వైన్‌ను కూడా తాగే ముందు కొంతసేపు ఫ్రిజ్‌లో ఉంచక తప్పదు.

వైనరీల భోజనం బాగున్నా అది నగరపు వంట. ఆ నేల వంట తినాలంటే బయటికి రావాలి. ఇగత్‌పురి దారిలో ఒక చిన్న పూటకూటి ఇంట్లో భాక్రీ అనే జొన్న రొట్టె, శనగపిండితో చేసే పిఠ్లా, పచ్చిమిరపకాయ, వెల్లుల్లి దంచిన ఠేచా పెట్టారు. ఆ ఠేచా మన రోటి పచ్చళ్లకు దగ్గరి చుట్టం. వెల్లుల్లిని నూనెలో మగ్గించడం వల్ల దానికి మనకు తెలియని కమ్మదనం వచ్చింది. ఉదయం పూట మిసల్ తినకుండా నాసిక్ వదలకూడదు. మొలకెత్తిన గింజల కూర మీద ఎర్రని రసం పోసి, పావ్, పెరుగు, అప్పడంతో ఇచ్చే ఈ పలహారం కారంలో మనవారిని నిరాశపరచదు. వైన్ రుచి చూడబోయే రోజున మాత్రం దానిని తినవద్దు, నాలుక మధ్యాహ్నం దాకా కోలుకోదు.

వైనరీలకు ముందుగా ఫోన్ చేసి సమయం ఖాయం చేసుకోవాలి. కారును డ్రైవరుతో సహా అద్దెకు తీసుకోవడం తప్పనిసరి, తాగినవారు ఆ ఘాట్ రోడ్ల మీద బండి నడపకూడదు. గాంధీ జయంతి, ఆషాఢ ఏకాదశి వంటి రోజులలో మహారాష్ట్రలో మద్యం అమ్మరు కనుక పంచాంగం, క్యాలెండరు రెండూ చూసుకుని బయలుదేరాలి. ఇతర రాష్ట్రాల మద్యం విషయంలో మన రాష్ట్రపు ఎక్సైజు నిబంధనలు కఠినమైనవి కాబట్టి మేము సీసాలు కొని తేలేదు. నచ్చిన వైన్‌లను అక్కడే, భోజనంతో పాటే తాగి వచ్చాము, మీకూ అదే చెబుతాను.